పదిహేడెనిమిదులు

కడ్లిహాళ బస్టాండు ఎదుటి ఖానావళిలో మధ్యాహ్నం భోజనానికి కూర్చునే ఊరి మగవాళ్ళలో యాభై అయిదు దాటినవాళ్ళు చాలామంది ఒకప్పుడు నీలవ్వ చేత చెంపదెబ్బ తిన్నవాళ్ళే. ఈ సంగతి వాళ్ళే చెప్పుకుంటారు, అదేదో బిరుదు అయినట్టు. "అప్పుడు మా చెంపలు వాయించె, ఇప్పుడు రొట్టెలు వాయిస్తాంది, చెయ్యి మాత్రం అదే," అని ఒకడంటే పక్కవాడు పొలమారేదాకా నవ్వుతాడు. ఆ హాస్యానికి ముప్పై ఏళ్ళు నిండాయి. నీలవ్వ జొన్నరొట్టె తట్టడం ఆపదు, తలెత్తదు. "తిని లెయ్యప్పా, అవతల జనం నిలబడుండారు," అంటుంది.

నాలుగో తరగతిలో అంగడి అన్న ఇంటిపేరున్న మాస్తరు పెట్టిన పద్ధతి అది. పిల్లల్ని వరసగా నిలబెట్టి ఒక ఎక్కం అడిగేవాడు. చెప్పలేనివాళ్ళు అలాగే నిలబడాలి. చెప్పిన పిల్లో పిల్లాడో వెళ్ళి, నిలబడ్డ ప్రతివాడి ముక్కూ ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో చెంప పగలగొట్టాలి. మాస్తరు కుర్చీలో జారగిలబడి వక్క నములుతూ చూసేవాడు. తన చెయ్యి నొప్పెట్టుకోవడం దేనికని కనిపెట్టిన ఉపాయం కాబోలు. నలభై మంది పసివాళ్ళను ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పి, దానికి చదువు అని పేరు పెట్టి, నెలనెలా జీతం పుచ్చుకున్న మనిషి.

నీలవ్వకు ఇరవై దాకా ఎక్కాలన్నీ కంఠతా వచ్చు. రోజూ ఆమే చెప్పేది, రోజూ ఆమే కొట్టేది. తొమ్మిదేళ్ళ పిల్లకు అది గొప్పగానే ఉండేది. ఆ మాట ఆమె ఎవరి దగ్గరా దాచదు. క్లాసంతటికీ తెలివైనదాన్ని నేనే అని ఇప్పటికీ కాస్త గర్వంగానే చెబుతుంది. ఆమె దాచేది వేరే ఉంది.

ఒకే గోనెపట్టా మీద కూర్చునే ద్యామవ్వ ఆమెకు ప్రాణం. ఇద్దరూ ఒకే పలక వాడుకునేవాళ్ళు, ఒకే రొట్టె తుంచుకునేవాళ్ళు. ఒకరోజు మాస్తరు ద్యామవ్వను పదిహేడెనిమిదులెంత అని అడిగాడు. ద్యామవ్వ నోరు విప్పలేదు. వరసలో ఎవరూ విప్పలేదు. నీలవ్వ చెప్పింది, కొట్టడానికి లేచింది. ద్యామవ్వ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఊరికే తాకించి పక్కకు పోబోయింది.

"ఏం మే, నిమురుతాండావా? కొట్టడమంటే ఇట్ల," అని మాస్తరు లేచి వచ్చి నీలవ్వ చెంప మీద ఒక్కటిచ్చాడు. ఆమెకు కళ్ళు బైర్లు కమ్మాయి. "ఇప్పుడు కొట్టు."

నీలవ్వ కొట్టింది. ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. ద్యామవ్వ ముక్కులోంచి రక్తం కారి పట్టా మీద పడింది. మర్నాడు ద్యామవ్వ బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఇక ఎప్పుడూ రాలేదు.

నీలవ్వ ఏడో తరగతి దాకా చదివింది, పెళ్ళి చేసుకుంది, లారీ తోలే మొగుణ్ణి పోగొట్టుకుంది, ఖానావళి పెట్టింది. పొలాల్లో కూలి దొరకని ఒక ఎండాకాలం ద్యామవ్వ వచ్చి, "పనుంటే చెప్పు మే," అని గుమ్మంలో నిలబడింది. అది ఇరవై రెండేళ్ళ కిందటి మాట. అప్పటినుంచి ఇద్దరూ పక్కపక్క పొయ్యిల దగ్గర కూర్చుని రొట్టెలు తడుతున్నారు. కోడళ్ళ గురించి, మోకాళ్ళ గురించి, ఊళ్ళో ఎవరు ఎవరితో లేచిపోయారన్న దాని గురించి మాట్లాడుకుంటారు. ఆ రక్తం గురించి మాత్రం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. బోర్డు మీద రాసింది చదవలేక ద్యామవ్వ బస్సు ఎక్కడికి పోతుందని ఎవరినో అడిగినప్పుడల్లా నీలవ్వ తల తిప్పుకుంటుంది. దాని చదువు నా చేత్తోనే పోయింది అన్నది ఆమె నమ్మకం. తప్పయిందే అని ఒక్కమాట అనడానికి ఇరవై రెండేళ్ళుగా నోరు రాలేదు.

ఇలా ఉండగా ఈ గురువందన సభ వచ్చి పడింది. ఎరువుల దుకాణం ఈరప్ప, సొసైటీ ఎన్నికల్లో మూడుసార్లు మట్టికరిచిన శరణప్ప కలిసి కమిటీ అయ్యారు. ఒకరోజు భోజనాల హడావిడి తగ్గాక వచ్చి, గుత్తివంకాయతో చెరో నాలుగు రొట్టెలు లాగించి, చేతులు కడుక్కుని అసలు సంగతి బయటపెట్టారు.

"అంగడి మాస్తరుకు సన్మానం చేస్తాండాం నీలక్కా. ఆయన దెబ్బలే లేకపోతే మేము ఇంతవాళ్ళం అయ్యేవాళ్ళమా?" అన్నాడు ఈరప్ప.

ఎంతవాళ్ళయ్యారో నీలవ్వకు తెలుసు. ఈరప్ప అమ్మిన ఎరువు వేసిన పొలం ఆ ఏడు మొలకెత్తలేదు. శరణప్ప తన కొడుకును బెల్టుతో బాది బాది మనిషిని చేశాడు. ఆ మనిషి హుబ్బళ్ళిలో ఉంటూ ఆరేళ్ళుగా తండ్రి ఫోను ఎత్తడం లేదు. దెబ్బలు తిని ఎవడైనా పైకొస్తే వీపు వాచి కదుం కట్టిన ఎద్దులన్నీ తాసిల్దార్లు కావాలి అనుకుంది. పైకి మాత్రం, "వంట నేను చేయాల్నా? ఎంతమందికి?" అంది.

"వంట కాదక్కా. ఒక చిన్న ఆట," శరణప్ప ముసిముసి నవ్వులు నవ్వాడు. "మేమంతా వేదిక మీద వరసగా నిలబడతాం. మాస్తరు ఎక్కం అడుగుతాడు. మాకు రాదు. నువ్వొచ్చి ముక్కు పట్టుకుని, అప్పట్లో లాగే... జనం పడీపడీ నవ్వాల. వీడియో కూడా తీయిస్తాండాం."

"సిగ్గు లేదేంరా మీకు?"

"సిగ్గెందుకక్కా, అవి తీపి గుర్తులు గదా! ఆడవాళ్ళు కూడా ఒకరుండాల. ద్యామక్క మన క్లాసే గదా. ఆమెను కూడా నిలబెడదాం."

నీలవ్వ చేతిలో పిండిముద్ద కింద పెట్టింది. "నేను రాను. అది కూడా రాదు. పోండి," అంది. గొంతు పెరిగింది. బయట టీ తాగేవాళ్ళు లోపలికి తొంగి చూశారు.

"వస్తాంలేప్పా," అంది ద్యామవ్వ, పెనం మీద రొట్టెకు నీళ్ళు రాస్తూ. "ఏ వారం?"

ఆదివారం దాకా నీలవ్వకు తిండి సయించలేదు. ఇదెందుకు ఒప్పుకుంది? పదిమందిలో నన్ను నిలబెట్టి, ఇదిగో నా చదువు చెడగొట్టింది ఈమే అని అడగడానికా? అడిగితే ఏం చెప్పాలి? మాస్తరు కొట్టమన్నాడని చెబితే చెల్లుతుందా? అడగనీ, అడిగితే అక్కడే కాళ్ళు పట్టుకుంటాను, కనీసం అలాగైనా తేలిపోతుంది అనుకుంది ఒకసారి. వేదిక మీద దీన్ని మళ్ళీ కొట్టాల్సి వస్తే మాత్రం ఈ చెయ్యి నరుక్కోవాలి అనుకుంది ఇంకోసారి. ద్యామవ్వ మాత్రం ఎప్పటిలాగే రొట్టెలు తట్టింది, ఎప్పటిలాగే కోడలిని తిట్టింది.

ఆదివారం పొద్దున పదింటికి కల్యాణమంటపం నిండిపోయింది. మాస్తరుకు ఎనభై రెండేళ్ళు. తలకు పేట చుట్టారు, శాలువా కప్పారు, పళ్ళబుట్ట ఒళ్ళో పెట్టారు. ఒక్కొక్కడూ వచ్చి మైకు పట్టుకుని తన దెబ్బల చరిత్ర చదివాడు. ఒకడికి చింతబరికె, ఒకడికి డస్టరు, ఒకడిని ఎండలో మోకాళ్ళ మీద. ఎవడు ఎక్కువ తిన్నాడన్న పోటీ. గెలిచినవాడికి చప్పట్లు. ముసలాయన వాళ్ళలో ఒక్కడినీ గుర్తుపట్టలేదు. అందరికీ ఒకే నవ్వు నవ్వాడు. ఇంతమందిని బాదిన మనిషి ఒక్క చెంపైనా గుర్తుపెట్టుకోలేదని నీలవ్వకు ఒళ్ళు మండింది.

తర్వాత ఆట. బట్టతలలూ బొజ్జలూ వరసగా నిలబడి, పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు మెలికలు తిరిగాయి. చివర్లో ద్యామవ్వ, నీలిరంగు ఇల్కల్ చీర కొంగు నెత్తిన వేసుకుని. నీలవ్వ ఈరప్ప ముక్కు పట్టుకుని చెంప తాకింది. శరణప్ప ముక్కు పట్టుకుని చెంప తాకింది. జనం ఈలలు వేశారు.

"ఏం మే, నిమురుతాండావా?" అన్నాడు మాస్తరు మైకులో. మనుషులు గుర్తులేకపోయినా ఆ మాట మాత్రం మరిచిపోలేదు. మంటపం గొల్లుమంది.

ద్యామవ్వ వంతు వచ్చింది. శరణప్ప తన చెవిలో ఊదిన పాత లెక్కనే మాస్తరు అడిగాడు. "పదిహేడెనిమిదులెంత?"

నీలవ్వ చెయ్యి లేవలేదు. ద్యామవ్వ ఆమె మొహంలోకి ఒకసారి చూసి, మాస్తరు వైపు తిరిగింది.

"నూట ముప్పై ఆరు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత చప్పట్లు మోగాయి. "ఇన్నాళ్ళకు వచ్చిందప్పా!" అని ఎవడో అరిచాడు. మాస్తరు శభాష్ అన్నాడు. "అయితే పద్ధతి ప్రకారం నువ్వే కొట్టాల. వీళ్ళందరినీ కొట్టు. ఆమెతో మొదలుపెట్టు," అని నీలవ్వను చూపించాడు.

"నేను కొట్టను సార్," అని ద్యామవ్వ మెట్లు దిగి, చెప్పులు వేసుకుని బయటికి నడిచింది. దీన్ని కూడా ఆటలో భాగమనుకుని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. వీడియో తీసేవాడు పరుగెత్తాడు. నీలవ్వ మాస్తరు కాళ్ళకు దండం పెట్టలేదు. కమిటీ వాళ్ళు పిలుస్తున్నా వెనక్కి చూడకుండా ద్యామవ్వ వెంట వెళ్ళింది.

మంటపం బయట గోడ నీడలో ద్యామవ్వ తమలపాకుకు సున్నం రాసుకుంటోంది. నీలవ్వకు రొప్పు వచ్చింది.

"ఎప్పుడు నేర్చుకున్నావే అది?"

"నేర్చుకునేదేముంది? మా నాయన ఆకు సంతలో కట్టలు లెక్కపెడతాంటే పక్కన కూర్చునేదాన్ని. బడికి రాకముందే వచ్చు."

"అంటే ఆ రోజు కూడా..."

"ఆ రోజు కూడా వచ్చు."

"మరి ఏంటికి చెప్పలేదు?"

ద్యామవ్వ ఆమెను వింతగా చూసింది. "చెప్తే కొట్టాల గదా."

నీలవ్వ గోడకు చెయ్యి ఆనించింది. ఎన్నేళ్ళనుంచో గొంతులో ఉన్నది అప్పుడు బయటికొచ్చింది. "నా దెబ్బకే గదే నువ్వు బడి మానేసింది. నేనే గదా నీ చదువు పాడుచేసింది. తప్పయిందే."

"నీ దెబ్బకా?" ద్యామవ్వ ఆకు నోట్లో పెట్టుకుంది. "ఆ రక్తం సాయంత్రానికే ఆగిపాయ. రోజూ తినాల, లేకుంటే రోజూ కొట్టాల. రెండూ నా వల్ల కాలేదు. ఇంట్లో పత్తి ఏరను రమ్మన్నారు, పోయినా. నాలాంటోళ్ళు ఆ వరసలో ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నారులే. అంతా తెలిసీ నోరు మూసుకునేటోళ్ళు."

మంటపంలోంచి మళ్ళీ నవ్వులు వినిపించాయి. క్లాసంతటికీ తెలివైనదాన్ని నేనొక్కదాన్నే అని యాభై ఏళ్ళుగా చెప్పుకుంటూ వచ్చిన మనిషి గోడ పట్టుకుని కింద కూర్చుంది.

"మరి నేను?" అంది నీలవ్వ.

"నువ్వు చెప్పినావు," అంది ద్యామవ్వ. ఆ గొంతులో కోపం లేదు, జాలి కూడా లేదు.