గోలు కదిలిన రోజు

ఆ మ్యాచ్ అయ్యాక మేనేజర్ నన్ను ఒకే ప్రశ్న అడిగాడు, గోలు పెగ్‌లు సరిగ్గా దించావా అని. దించానని చెప్పాను. అది అబద్ధం. దాని వల్ల ఒక మంచి కుర్రవాడికి మోసగాడన్న పేరు వచ్చింది. ఈ నాలుగు పేజీలు రాయడానికి కారణం అదే కాబట్టి ముందే చెబుతున్నాను.

న్యూజీలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్ భూకంపం జరిగిన మరుసటి ఏడాది, శీతాకాలం మొదట్లో, ఆక్లాండ్‌లో కోల్డ్ స్టోరేజీ పని వదిలి దక్షిణ ద్వీపంలోని ఒక ఐస్ రింక్‌లో ఐస్ టెక్నీషియన్‌గా చేరాను. రింక్ పేరు రాయను. ఇప్పుడు అక్కడ పనిచేసేవాళ్లకు ఈ సంగతితో సంబంధం లేదు. నడుము నొప్పి వల్ల నేను కూడా నిరుడు ఆ వృత్తి నుంచి తప్పుకున్నాను.

రింక్ అంటే చలికి గడ్డకట్టిన చెరువు కాదు. కాంక్రీటు నేలలో గొట్టాలుంటాయి. వాటిలో బాగా చల్లబరిచిన ఉప్పునీరు తిరుగుతుంది. పైన పలచగా నీళ్లు చల్లుతూ పొర మీద పొరగా ఐసు కడతాం. ఆట మధ్యలో విరామం రాగానే పెద్ద యంత్రం నడుపుకుంటూ వెళ్తాం. దాని బ్లేడు గీతలు పడిన పై పొరను గీకేస్తుంది, వెనక నుంచి వేడినీళ్లు పడతాయి. చన్నీళ్లయితే పాత ఐసుకు అతుక్కోవు, పెచ్చులుగా లేస్తాయి.

యంత్రానికి దారి ఇవ్వాలంటే రెండు వైపులా ఉన్న గోలు చట్రాలను పక్కకు తీయాలి. గోలు రెండు స్తంభాలూ లోపల బోలుగా ఉంటాయి. ఐసులో చేసిన రంధ్రాల్లో పెగ్‌లు, అంటే పొట్టి మేకులు దించి, వాటి మీద స్తంభాలను కూర్చోబెడతాం. యంత్రం వెళ్లాక ఆ రంధ్రాల్లోకి నీళ్లు చేరి గడ్డకడతాయి. డ్రిల్లుతో తొలిచి, అడుగు వరకు శుభ్రం చేశాకే పెగ్ దించాలి. లేకపోతే పెగ్ పైపైన నిలబడుతుంది. స్తంభం దాన్ని కప్పేస్తుంది గనుక చూసేవాళ్లకు తేడా తెలియదు.

ఆ ఊరి కాలేజీకి ఐస్ హాకీ జట్టు ఉండేది. ఆ ఏడాది సీజన్ మొదలవకముందే వాళ్ల గోల్‌కీపర్ చెయ్యి విరిగింది. గోల్‌లో ఎప్పుడైనా నిలబడ్డవాళ్లు ఉన్నారా అని కెప్టెన్ టామ్ రింక్ అంతా అడుగుతూ తిరిగాడు. స్కేట్లు, అంటే అడుగున బ్లేడు ఉన్న బూట్లు, అద్దెకిచ్చే కౌంటర్‌లో పార్ట్‌టైమ్ చేస్తున్న శ్రీకాంత్ చెయ్యెత్తాడు. హనుమకొండ నుంచి సివిల్ ఇంజనీరింగ్ పీజీకి వచ్చాడు. అక్కడ కాలేజీలో మామూలు హాకీకి గోల్‌కీపర్. ఐసు మీద మాత్రం అప్పటికి సరిగ్గా నిలబడలేడు.

మొదటి ప్రాక్టీసులో గోలు అడ్డకర్రను కౌగిలించుకుని నిలబడ్డాడు.

"తమ్ముడూ, గోలును నువ్వు కాపాడుతున్నావా, నిన్ను గోలు కాపాడుతోందా?" అన్నాను.

"నవ్వుర్రి అన్నా, నవ్వుర్రి. ఒక్కటన్న లోపలికి పోయిందా, చెప్పుర్రి."

నిజమే, పోలేదు. పక్ అనే ఆ నల్లటి రబ్బరు బిళ్ల ఎటు వస్తుందో అతనికి ముందే తెలిసినట్టుండేది. పడుతూ ఆపేవాడు, పడ్డాక ఆపేవాడు. జట్టు కుర్రాళ్లు మొదట నవ్వారు, తర్వాత అతని కోసం మరింత గట్టిగా ఆడారు. ఎప్పుడూ చివరన ఉండే జట్టు ఆ ఏడాది ఫైనల్‌కు చేరింది. వచ్చే సీజన్‌కు వైస్ కెప్టెన్ నువ్వేనని టామ్ అతనితో అన్నాడు. ఆ రోజు శ్రీకాంత్ కౌంటర్‌లో కస్టమర్లకు సైజు తప్పు స్కేట్లు ఇస్తూనే ఉన్నాడు.

ఫైనల్ మా రింక్‌లోనే. ఊళ్లో ఉన్న తెలుగు కుటుంబాలన్నీ రజాయిలు కప్పుకుని వచ్చాయి. ఆట రూల్సు ఎవరికీ తెలియవు. మా తెలుగువాళ్లలో పెద్దావిడ సుజాత గారైతే పక్ ఏ వైపు వెళ్లినా "ఆపు నాయనా, ఆపు" అని కేకలేశారు. రెండో విరామానికి స్కోరు సమానం. నేను యంత్రం బయటికి తీయగానే అందరూ దాని చుట్టూ చేరారు.

"బాబూ, దీని పక్కన ఒక్క ఫొటో. మా అక్కకు పంపాలి," అన్నారు సుజాత గారు.

ఒకటి కాస్తా పది ఫొటోలయ్యాయి. మనవాళ్ల ముందు ఆ యంత్రం పక్కన నిలబడటం నాకూ గర్వంగానే ఉంది. దాంతో ఐసు మీదికి ఆలస్యంగా వెళ్లాను. యంత్రం తిప్పి వచ్చేసరికి ఆటగాళ్లు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. శ్రీకాంత్ నిలబడాల్సిన వైపు ఎడమ రంధ్రాన్ని తొలచకుండా పెగ్ గుచ్చి, గోలు దాని మీద పెట్టేశాను.

ఆట చివర్లో ఎదుటి జట్టు ఫార్వర్డ్ ఒంటరిగా పక్‌తో దూసుకొచ్చాడు. గోల్‌కీపర్లందరూ చేసినట్టే శ్రీకాంత్ ఎడమ స్తంభానికి పాదం ఆనించి పక్కకు జరిగాడు. గోలు జారిపోయింది. రిఫరీ విజిల్ ఊదాడు. ఇలాంటి సమయంలో గోల్‌కీపర్ కావాలని గోలు కదిపితే ఎదుటి జట్టుకు పెనాల్టీ షాట్ ఇస్తారు. అంటే ఒక ఆటగాడు, ఒక గోల్‌కీపర్, మధ్యలో ఎవరూ ఉండరు. కావాలనే కదిపాడని రిఫరీ నిర్ణయించాడు.

గోలు మళ్లీ బిగించడానికి నన్ను పిలిచారు. పెగ్ పట్టుకుని లాగితే రెండు వేళ్లకే వచ్చేసింది. రంధ్రం అడుగున ఐసు గడ్డ. రిఫరీ నాకు నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. నేను నోరు తెరవలేదు. రంధ్రం తొలిచి, పెగ్ గట్టిగా దించి, బయటికి వచ్చేశాను. షాట్ గోలయింది. జట్టు ఓడింది.

అప్పుడు ఆ దేశంలో స్థిరపడేందుకు పెట్టిన నా రెసిడెన్సీ దరఖాస్తు ఈ ఉద్యోగం మీదే నడుస్తోంది. మేనేజర్‌తో అబద్ధం చెప్పడానికి కారణం అది. కారణం ఉన్నంత మాత్రాన అబద్ధం తక్కువ కాదు.

మర్నాడు శ్రీకాంత్ కౌంటర్ దగ్గర నన్ను ఆపాడు.

"అన్నా, పెగ్ గట్టిగనే దింపిన్రా?"

"గట్టిగానే దించాను రా."

అతను కాసేపు స్కేట్ల లేసులు సర్దాడు. "అయితే నేనే నెట్టిన కావచ్చు. కావాలని అయితే అనుకోలే. ఆ టైంల కాలు ఎటు పోయిందో నాకే తెల్వదు."

అతను నాతో వాదించి ఉంటే నాకు సులువుగా ఉండేది. అతను నన్ను నమ్మి, తనను తాను నమ్మడం మానేశాడు. టామ్ వైస్ కెప్టెన్ మాట మళ్లీ ఎత్తలేదు. తర్వాతి సీజన్‌కు శ్రీకాంత్ తన పేరు కూడా ఇవ్వలేదు. చదువు అయ్యాక వెల్లింగ్టన్‌లో ఉద్యోగానికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత రింక్‌లో ఒక పద్ధతి పెట్టాను. పెగ్‌లు దించాక రిఫరీ చూస్తుండగా రెండు స్తంభాలనూ చేత్తో నెట్టి చూపించాలి. మంచి పద్ధతని మేనేజర్ మెచ్చుకున్నాడు. ఎందుకు పెట్టానో అడగలేదు, నేను చెప్పలేదు. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది ఇంతే. సరిగ్గా ఉందని చెప్పే ముందు నెట్టి చూడాలి. తప్పు కనిపిస్తే, చూసినవాడు అక్కడే చెప్పాలి. తర్వాత చెప్పాలంటే ఏళ్లు పడుతుంది.

నాకైతే మొన్నటి ఉగాది దాకా పట్టింది. సుజాత గారింట్లో భోజనాలు. శ్రీకాంత్ భార్యతో, కూతురితో వెల్లింగ్టన్ నుంచి వచ్చాడు. సుజాత గారు పాత ఫొటోలు చూపిస్తూ, "మన శ్రీకాంత్ ఓడిపోతామని గోలే పట్టుకుని పక్కకు జరిపేశాడమ్మా," అన్నారు. అందరూ నవ్వారు. శ్రీకాంత్ కూడా నవ్వాడు.

కూతురు తలెత్తి, "డాడ్, డిడ్ యు చీట్?" అంది.

"ఏమో బిడ్డా," అన్నాడు. "నాకు యాదికి లేదు."

నేను ప్లేటు కింద పెట్టి లేచాను. ముందు పాపకు అర్థమయ్యేలా ఇంగ్లీషులో చెప్పాను, మీ నాన్న మోసం చెయ్యలేదని. తర్వాత మిగతావాళ్లందరూ వింటుండగా శ్రీకాంత్‌తో రంధ్రం సంగతి, పెగ్ సంగతి, పెనాల్టీ షాట్‌కు ముందే నాకు తెలిసిన సంగతి వరసగా చెప్పాను. 

శ్రీకాంత్ కూతురి భుజం మీద చెయ్యి వేసి అన్నాడు. "అప్పుడే చెప్పి ఉంటే, ఇంకో సీజన్ ఆడేటోన్ని అన్నా."

"ఆడేవాడివి," అన్నాను. "ఆ సీజన్ నీకు లేకుండా చేసింది నేను. క్షమించు శ్రీకాంత్."