చిన్నాయన దాచని మాట

మా చిన్నాయన పోయాడన్న కబురు నేను కాజీపల్లిలో మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిలో ఉండగా వచ్చింది. సెలవు చెప్పి బయటికి వస్తుంటే, గేటు దగ్గర మా కాలనీలో ఉండే ఒకామె నా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించి అడిగింది.

"ఎట్ల పోయిండు?"

రెండేళ్లుగా డయాలసిస్ మీద ఉన్నాడని, కిడ్నీల జబ్బుతోనే పోయాడని చెప్పాను. చెప్పగానే గుండె మీంచి ఏదో బరువు దిగినట్టయింది. వెంటనే సిగ్గేసింది. సొంత చిన్నాయన చనిపోతే ఎవరికైనా అలా అనిపిస్తుందా? మా ఇంట్లో అనిపిస్తుంది. ఎందుకో చెప్పాలంటే మా తాత దగ్గర మొదలుపెట్టాలి.

తాత మిలిటరీలో జవాను. నేను పుట్టకముందే సెలవు మీద ఇంటికొచ్చి చనిపోయాడు. గుండెపోటని ఊరికి చెప్పారు, పిల్లలమైన మాకూ అదే చెప్పారు. ఆయనకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు మా నాన్న, పటాన్‌చెరులో ఫ్యాక్టరీ పనికి కుదిరాడు. చిన్నవాడు చిన్నాయన, తండ్రిలాగే మిలిటరీకి వెళ్లాడు. పెళ్లి చేసుకోలేదు. రిటైరై వచ్చి ముత్తంగిలో ఒక గోదాము గేటు దగ్గర సెక్యూరిటీగా చేరాడు.

ఎవరు కలిసినా తిన్నావా అని అడిగేవాడు కాదు. "నిద్ర మంచిగ వడ్తుందా?" అనేవాడు. గోదాముకు వచ్చే లారీ డ్రైవర్లను హిందీలో అదే అడిగేవాడు. ఎవరైనా లేదంటే కుర్చీ జరిపి కూర్చోబెట్టి, తన చాయ్‌లో సగం పోసి ఇచ్చేవాడు. చిన్నప్పుడు నాకూ తమ్ముడికీ అది నవ్వులాటగా ఉండేది.

తమ్ముడు మిలిటరీకి సెలెక్టయిన రోజున ఆ నవ్వు ఆగిపోయింది. బీరంగూడలో మా ఇంటికి చుట్టాలొచ్చి వెళ్లాక, చిన్నాయన తలుపు దగ్గరికి వేసి మా అందరినీ కూర్చోబెట్టాడు.

"తమ్మీ, మీ తాతకు గుండెపోటు రాలే. ఆయన పానం ఆయనే తీసుకున్నడు. నాక్కూడ కొలువుల ఉన్నప్పుడు గసొంటి ఆలోచనలు వచ్చినయి. పోయి డాక్టర్‌కు చెప్పిన. మీ ఇంట్ల ఎవరన్న గిట్ల పోయిన్రా అని అడిగిండు. మా బాపు అన్న. అప్పటిదాక ఎవ్వరికి చెప్పలే."

"డాక్టర్ ఏమన్నడు?" అని తమ్ముడు అడిగాడు.

"ఇంట్ల షుగర్ ఉంటే ఎట్ల పైలంగ ఉంటమో, ఇది గూడ గంతే అన్నడు. ఇంట్ల ఉన్నంత మాత్రాన అందరికి రాదు. లేనోళ్లకు రాదని గూడ లేదు. నిన్ను పోవద్దంటలేను బిడ్డా. తెలిసి పో."

నాన్న లేచి నిలబడ్డాడు. "మంచి పని మీద పోయెటోనికి చెప్పే ముచ్చటనా ఇది? బయట తెలిస్తే వాని నౌకరీ ఉంటదా? ఇగ మా ఇంటికి రాకు."

 చిన్నాయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆరేళ్లు అన్నదమ్ముల మధ్య మాట లేదు.

నాన్న భయం ఉత్తది కాదు. డాక్టరుకు చెప్పుకున్నాక చిన్నాయన చేతికి చాలాకాలం తుపాకి ఇవ్వలేదు. స్టోర్‌లో వేశారు. ప్రమోషన్ ఆగిపోయింది. తోటివాళ్లు కొందరు పాగల్ అని పిలిచేవారట. చెప్పినందుకు బాధపడ్డావా అని ఒకసారి అడిగాను. "సిగ్గయింది బిడ్డా. సిగ్గుతోనే బతికిన. బతికిన గద" అన్నాడు.

తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ ఆ డాక్టరు మాటకు దూరంగా లేదు. ఏ ఒక్క జన్యువూ మనిషిని చావు వైపు తోసెయ్యదు. చిన్నచిన్నవి ఎన్నో కలిసి కొందరిలో ఆ ముప్పును కాస్త పెంచుతాయి. నిద్రలేమి, ఇంటికి దూరం, తోటివాడి చావు, చేతికందే దూరంలో ఆయుధం తోడైతే అది ఇంకా పెరుగుతుంది. రక్తపరీక్ష చేసి ఫలానావాడికి ఇలా అవుతుందని చెప్పడం ఎవరివల్లా కాదు. వైద్యం మాత్రం ఉంది. మా తాతకు ఆ సంగతి చెప్పినవాళ్లు లేరు.

పోయినేడు ఒకరోజు సంగారెడ్డి ఆసుపత్రిలో చిన్నాయనకు డయాలసిస్ జరుగుతోంది. నేను పక్కన కూర్చున్నాను. తమ్ముడి ఫోన్ వచ్చింది. వాడి బ్యారక్‌లో ఉండే స్నేహితుడు అంతకు నెల ముందే తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఒక చేతికి సూదులుండగా, రెండో చేత్తో ఫోన్ చెవికి ఆనించుకున్నాడు చిన్నాయన.

"నిద్రపోయి ఎన్ని రోజులైంది?" అని అడిగాడు. కాసేపు విన్నాడు. "తమ్మీ, సీదా అడుగుతున్న. సచ్చిపోవాలనిపిస్తుందా?"

 అవతల తమ్ముడు "అవ్" అనడం నాకూ వినిపించింది.

"మంచిగ చెప్పినవ్. ఇప్పుడు నీ పక్కన ఎవరున్నరు? ఫోన్ ఆయనకియ్యి."

తమ్ముడి పక్కనున్న జవానుతో హిందీలో మాట్లాడాడు. వీణ్ణి ఒంటరిగా వదలొద్దు, ఆయుధం జమ చేయించు, ఇప్పుడే డాక్టరు దగ్గరికి తీసుకుపో అన్నాడు. అరగంటకు ఆసుపత్రి చేరామని కబురొచ్చేదాకా ఫోన్ కింద పెట్టలేదు. పెట్టాక ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. భుజాలు కదులుతుంటే చూశాను.

తమ్ముడు ఇప్పుడు మందులు వాడుతున్నాడు. పూర్తిగా తేరుకున్నాడని చెప్పలేను. కొన్ని రోజులు బాగుంటాడు, కొన్ని రోజులు పలకడు. సంగతి తెలిశాక నాన్న ఒకసారి చిన్నాయన ఉన్న ఆసుపత్రి వరాండా దాకా వచ్చి, లోపలికి రాకుండానే తిరిగిపోయాడు. రేపు పోదాం అంటూ ఉండగానే చిన్నాయన పోయాడు.

పదో రోజున ఇంటి వెనక బోరు దగ్గర తమ్ముడికి గుండు గీస్తున్నారు. చిన్నాయనకు తలకొరివి పెట్టింది వాడే. నాన్న పక్కన నిలబడ్డాడు. ముసలి చుట్టం ఒకాయన మాటల మధ్య అన్నాడు, "మీ బాపుకు గుండెపోటాయె, నీ తమ్మునికి కిడ్నీలాయె."

"మా బాపుకు గుండెపోటు రాలే" అన్నాడు నాన్న, అందరికీ వినపడేలా. "ఆయన పానం ఆయనే తీసుకున్నడు. నేనే దాచిన."

గుండు గీస్తున్న పెద్దాయన చెయ్యి ఆగింది.  తమ్ముడు తల ఎత్తలేదు. సగం గీసిన తల మీంచి నీళ్లు మెడ మీదుగా వీపు మీదికి జారుతున్నాయి. నాన్న వంగి, భుజం మీది తువ్వాలుతో కొడుకు వీపు తుడవసాగాడు. తుడిచినకొద్దీ నీళ్లు కారుతూనే ఉన్నాయి.