చిన్నాయన తొడిగిన హ్యాండిలు రబ్బర్లు

నా చిన్నప్పుడు ఆదోని పత్తి బజారులో మోటారు సైకిలు చప్పుడు వినిపిస్తే ఎద్దులు బెదిరేవి, మనుషులు పక్కకు జరిగేవాళ్ళు. అది మా అమ్మ పనిచేసే, పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్ను ఫ్యాక్టరీ షావుకారు బండి. దాని మీద ఊరేగేది ఆయన. దాన్ని కడిగేది, తుడిచేది, చక్రాలకు అంటిన నల్లరేగడి మట్టిని పుల్లతో గీకేది మా చిన్నాయన. బడి లేని రోజుల్లో అమ్మ వెంట పోయి, పత్తి ఏరే ఆడవాళ్ళ మధ్య కూర్చుని నేను ఆయన పని చూస్తూ ఉండేదాన్ని.

మేం ఊరి చివర ఉండేవాళ్ళం. ఫ్యాక్టరీలో నీళ్ళ కడవ మేం ముట్టుకోకూడదు, ఎవరో పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగాలి. చిన్నాయన చెయ్యి మాత్రం ఆ బండి మీద పడని చోటు లేదు. చెయ్యి తగిలితే మైల లేదు మరి, ఉందంటే పని ఆగిపోతుంది కదా!

ఆ ఎండాకాలం హ్యాండిలు రబ్బర్లు కరిగి జిగట పట్టాయి. షావుకారు అరచేతులు నల్లబడి, తెల్లపంచెకు మరకలయ్యాయి. మద్రాసు నుంచి రైల్లో కొత్తవి రెండు జతలు తెప్పించాడు. ఇవి సరిగ్గా తొడిగితే, ఎమ్మిగనూరుకు పత్తి ధర కబురు తీసుకుపోయే పని చిన్నాయనకే ఇస్తానన్నాడు. అంటే ఆ బండిని తుడవడం కాదు, నడపడం. షెడ్డులోంచి వాకిట్లోకి తేవడానికని నడపడం ఆయనకు ముందే నేర్పించారు. వాకిలి దాటి పోవడమే ఆయన కోరిక. మా అవ్వ ఆయన చొక్కాను చౌడుమట్టి పెట్టి ఉతికి ఆరేసింది.

చిన్నాయన పాత రబ్బర్లను చాకుతో చీల్చి తీశాడు. హ్యాండిలు గొట్టాన్ని కిరసనాయిలు గుడ్డతో జిడ్డంతా పోయేదాకా తుడిచాడు. కొత్త రబ్బరు లోపల ఉమ్మి తడి చేసి, ఒక్క ఊపున మెలితిప్పి తోశాడు. స్టేషను దగ్గర లారీ డ్రైవర్లు అలాగే చేస్తారట. సాయంత్రానికి ఆరి, లాగినా కదలనంత గట్టిగా కూర్చున్నాయి.

షావుకారు వచ్చి రెండు చేతులతో పట్టుకుని చూశాడు. ముఖం వెలిగిపోయింది.

"ఏమి రాసి ఎక్కించినావురా? ఇంత బిగువుగా ఉండాయి!"

ఆయన అంత మెచ్చుకోలుగా అడగడం నేనెప్పుడూ వినలేదు. మా పిచ్చి చిన్నాయన పొంగిపోయాడు. "నూనె పెడితే జారిపోతాది సామీ. రోంత ఉమ్మి పెట్టి తోసినాను. ఆరినాక ఇంక ఊడేదే లేదు."

ఉన్నమాట చెబితే ఊరు అచ్చిరాదని ఊరికే అనలేదు. షావుకారు తేలు కుట్టినట్టు చేతులు వెనక్కి తీసుకున్నాడు. "నీ ఎంగిలి నాతో పట్టిస్తావా?" అన్నాడు. ఫ్యాక్టరీ మేస్త్రీ వచ్చి చిన్నాయన చెంప మీద కొట్టాడు. ఆ కొత్త రబ్బర్లను ఆయన చేతనే కోయించారు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళంతా మంట పుట్టింది. అమ్మ నా నోరు మూసి పట్టుకుంది.

రెండో జత తొడిగే పని షావుకారు ఎద్దులబండి తోలేవాడికి అప్పగించారు. మా సీమలో బండి అంటే ఆముదం. ఇరుసు కిర్రుమన్నా ఆముదమే, మోకు బిగుసుకున్నా ఆముదమే. అతను రబ్బరు నిండా ఆముదం పూశాడు. వెన్నలోకి వేలు దిగినట్టు దిగాయని అందరూ మెచ్చుకున్నారు. జారుతాయని చెప్పడానికి చిన్నాయన వాకిలి దాకా పోయాడు. మేస్త్రీ లోపలికి రానివ్వలేదు.

ఎమ్మిగనూరు దారిలో ఎడమచేతి రబ్బరు ఊడి షావుకారు చేతిలోకి వచ్చింది. ఆయన చేనుగట్టు మీద పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. మళ్ళీ చిన్నాయనకు కబురు వచ్చింది.

షావుకారు చేతికి కట్టుతో అరుగు మీద కూర్చున్నాడు. "ఈసారి సబ్బునీళ్ళే. నా కండ్ల ముందర సెయ్యి," అన్నాడు. చిన్నాయన ఆ జతనే ఊడదీసి, ఆముదమంతా కిరసనాయిలుతో తుడిచి, గిన్నెలో సబ్బు కలిపాడు. ఆయన వీపు అరుగు వైపు, ముఖం మా పత్తి కుప్ప వైపు ఉంది. దుమ్ము ఊదుతున్నట్టు రబ్బరును నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. దవడలు కదిలాయి. రెండో రబ్బరుకూ అంతే చేశాడు.

"ఏమి పెట్టినావు?"

"సబ్బునీళ్ళు సామీ."

"ఇప్పుడు దావకొచ్చినావు," అన్నాడు షావుకారు.

ఇంటికి పోతూ నేను కడుపు పట్టుకుని నవ్వాను. ఊరంతటికీ పెద్దమనిషి, కట్టు విప్పాక పొద్దున లేస్తే మా చిన్నాయన ఉమ్మి పట్టుకుని తిరుగుతాడని నాకు పండగగా ఉంది. చిన్నాయన నవ్వలేదు.

"నగొద్దు పాపా. సబ్బునీళ్ళతోనే బాగా కూసుంటాయి. ఉమ్మి ఎందుకు పెట్టినానో నాకే తెల్దు," అన్నాడు. కొంత దూరం నడిచాక మళ్ళీ అన్నాడు. "ఎట్ల సేసినావని ఎవురన్నా అడిగితే, అడిగినోడు ఎవురో సూసుకోని సెప్పల్ల. ఇంత వయసొచ్చినా నాకు తెలీలేదు. నువ్వు ఇప్పుడే నేర్సుకో."

అంతవరకు అబద్ధమాడని మనిషి. తన పని గురించి అడిగితే గంటసేపు చెప్పేవాడు. ఆ తర్వాత ఎవరు అడిగినా "ఏందో సేసినాలే" అనేవాడు. ఎమ్మిగనూరు పని మేస్త్రీ బామ్మర్దికి దక్కింది. మరుసటి ఏడు కరువుకు కోసిగి ఊరివాళ్ళతో కలిసి చిన్నాయన బొంబాయి వైపు కూలికి పోయాడు. మళ్ళీ ఏ బండి మీదా చెయ్యి వేయలేదని విన్నాను. ఆ షావుకారును నేను క్షమించలేదు, క్షమించాలని కూడా లేదు.

నేను చదువుకుని నర్సునయ్యాను. సూది వేయడానికి ఎవరికీ దొరకని నరం నాకు దొరికితే, ఎలా పట్టావని డాక్టర్లు అడిగేవాళ్ళు. "ఏదో దొరికింది సార్," అనేదాన్ని. మంచి డాక్టర్లకూ అదే జవాబు. నా కింద చేరిన కొత్త నర్సు పిల్లలకు నేర్పాల్సింది కూడా అలాగే నాలోనే ఉండిపోయింది.

మొన్న నా మనవరాలు పొయ్యి దగ్గర కూర్చుని, "అవ్వా, రొట్టె ఇంత పల్చగా ఎట్ల తడతావు?" అని అడిగింది. నా కూతురి బిడ్డ, నేనెత్తుకుని పెంచిన పిల్ల. అయినా ముందు దాని ముఖం వంక పరీక్షగా చూశాను. ఆ తర్వాతే చెప్పాను.