నాలుగు తెల్ల గీతలు

మా మేస్త్రి పోయారని వాళ్ల పెద్దమ్మాయి శుక్రవారం పొద్దున వాయిస్ మెసేజ్ పెట్టింది. "మేడం, నాయన పోయినాడు. నిన్న సాయంత్రం గుండెల్లో నొప్పన్యాడు. ఆస్పత్రికి పోయేలోపలే అయిపాయ. మీకు చెప్పమని నాకెవురూ చెప్పలే. ఈ పొద్దు శుక్రవారం కదా, మీకు ఫోన్ చేసే రోజని గుర్తొచ్చింది." దాన్ని మూడుసార్లు విన్నాను. పెనం మీద దోసె మాడిన వాసనకు మా ఆయన వచ్చి స్టవ్ కట్టేశారు.

మేస్త్రి అంటే ఇళ్లు కట్టే మేస్త్రి కాదు, కార్ల మేస్త్రి. అన్నమయ్య జిల్లా నుంచి కువైట్ వచ్చి, అల్ రాయ్‌లో ఒక గ్యారేజీలో ముప్పై ఏళ్లు పనిచేశారు. నేను విజయవాడ మనిషిని, హవల్లీలో ఒక బడిలో ఫిజిక్స్ చెబుతాను. నా కారుకు బ్రేకులు వేయించడానికి ఆ గ్యారేజీకి వెళ్లినప్పుడు పక్కన నిలబడి అదేంటి, ఇదెందుకు అని విసిగించాను. చివరికి ఆయన పానా కింద పెట్టి, "ఏం టీచరమ్మా, నువ్వే ఒగ కారు చేసుకుంటావా ఏంది?" అన్నారు. ఆయన వేళాకోళానికే అన్నారు. నాకు మాత్రం ఆ మాట బుర్రలో ఉండిపోయింది.

కారును విడి భాగాలుగా అమ్మేవాళ్లు ఉన్నారని అప్పుడే తెలిసింది. ఫ్రేము, రేకులు, స్టీరింగు, పెడళ్లు పెట్టెల్లో వస్తాయి. ఇంజను మాత్రం మనం ఏదో పాత కారులోంచి తెచ్చుకోవాలి. బిగించుకునే పని మనదే. మా ఆయన అహ్మదిలో ఇంజనీరు. "నీకు ఇంట్లో కుళాయి వాషర్ మార్చడం రాదు," అన్నారు. నిజమే. రాదు కాబట్టే కదా చేసి చూడాలనిపించింది. గ్యారేజీ యజమాని, అంటే మేస్త్రిగారి వీసాకు పూచీ ఉన్న కఫీల్, వెనక షెడ్డులో ఒక మూల ఇచ్చాడు. పెట్టెలు వచ్చాయి. శుక్రవారం సెలవు నాకూ ఆయనకూ కలిసింది.

మొదటిరోజే ఆయన ఒక షరతు పెట్టారు. "నేను చూపిస్తా. బిగించేది మాత్రం నువ్వే. నేను బిగిస్తే అది నా కారైపోతాది." ఎంత బిగించాలని అడిగితే పానా నా చేతికిచ్చారు. నేను బలమంతా పెట్టి తిప్పాను, బోల్టు టక్కున తెగిపోయింది. నా మొహం చూసి ఆయనకు నవ్వొచ్చింది. తెగిన ముక్క నా చేతిలో పెట్టి, "ఇప్పుడు తెలిసిందా ఎంతైతే ఎక్కువో? దానికి రవ్వంత ముందర ఆగల్ల," అన్నారు. పద్దెనిమిదేళ్లుగా పిల్లలకు టార్క్ పాఠం చెబుతున్నాను. అది మణికట్టుకు తెలియడం అదే మొదటిసారి.

బిగించిన ప్రతి నట్టు మీదా, దాని పక్క ఇనుము మీదా కలిసేలా పసుపు పెయింటుతో ఒక గీత గీయించేవారు. బండి తిరిగాక నట్టు వదులైతే గీత రెండుగా చీలి కనబడుతుంది. ఎక్కడ మళ్లీ బిగించాలో చూడగానే తెలిసిపోతుంది. "బిగించినోళ్లే గీత గీయల్ల," అనేవారు. ఆయన పనులన్నీ అలాగే ఉండేవి. విప్పిన బోల్టులను పాలపొడి డబ్బాల్లో, విప్పిన వరసలోనే దాచేవారు. దారం కట్టిన కళ్లద్దాలు మెడలో వేలాడుతుండగా వాటి కోసం షెడ్డంతా వెతికేవారు. పాలు లేని సులైమానీ చాయ్ చల్లారిపోయేదాకా పెట్టుకుని, అప్పుడు ఒక్క గుక్కలో తాగేవారు.

ప్రశ్నలు నావేననుకున్నాను గానీ ఆయన దగ్గరా బోలెడున్నాయి. ఒకరోజు వెనక ఇరుసు మధ్యనుండే డిఫరెన్షియల్ చూపించి, ఇది అసలు ఎందుకో చెప్పమన్నారు. ఇద్దరు పిల్లలు చెయ్యీ చెయ్యీ పట్టుకుని మలుపు తిరిగితే బయటివాడు ఎక్కువ దూరం నడవాలి కదా, చక్రాలూ అంతే, రెండూ ఒకే వేగంతో తిరిగితే కుదరదు, దానికోసమే ఇది అన్నాను. ఆయన లేచి, నా చెయ్యి పట్టుకునే వీల్లేదు కనుక ఒక ఇనుప కడ్డీ చివర నాకిచ్చి, రెండో చివర తాను పట్టుకుని, షెడ్డు మూల తిరిగి చూశారు. రెండుసార్లు తిరిగారు. "ముప్పై ఏండ్లుగా దీన్ని విప్పతాండా, బిగిస్తాండా. ఎందుకని ఎవుర్నీ అడగలే," అన్నారు. అడిగితే ఎవరు చెప్పేవారని కూడా అన్నారు, నవ్వుతూనే.

మేం చేసిన ఘనకార్యం కూడా చెప్పాలి. స్టీరింగు, పెడళ్లు బిగించడానికి రెండు నెలలు పట్టింది. ఇంజను పెట్టే రోజు కఫీల్ చూడ్డానికి వచ్చాడు. కారు చుట్టూ తిరిగి, ఎడమవైపు సీట్లో దర్జాగా కూర్చుని చేతులు ముందుకు చాపాడు. చేతులు గాల్లో ఆగిపోయాయి. "వేన్ స్టీరింగ్?" అని అడిగాడు, స్టీరింగ్ ఎక్కడని. అది కుడివైపున ఉంది. ఆర్డరు ఫారంలో ఏ వైపు అని అడిగితే నేనే కుడి అని టిక్కు పెట్టాను. పద్నాలుగేళ్లుగా కువైట్లో ఎడమవైపు కూర్చుని నడుపుతున్నదాన్ని, ఆ ఫారం ముందు మాత్రం నాన్న పాత కారులో కూర్చున్నట్టున్నాను. మేస్త్రిగారు లారీ నేర్చుకున్నదీ ఊర్లోనే. ఇద్దరం రెండు నెలలు కుడివైపు వంగి పనిచేశాం, ఇద్దరికీ తప్పు కనబడలేదు. కఫీల్ పొట్ట పట్టుకుని నవ్వాడు. మేస్త్రిగారు నవ్వలేదు.

ఎందుకంటే ఆయనకు మిగిలింది మూడు నెలలే. వయసు అరవై దాటింది, ఇక్కడ ఉండటానికి కావాల్సిన ఇఖామా ఇక కొట్టించడం కుదరదని కఫీల్ అప్పటికే చెప్పాడు. ఆ రోజే నాకూ చెప్పారు. "ఈ గ్యారేజీలోకి వచ్చిన బండ్లన్నీ వేరేవాళ్లవే టీచరమ్మా. బాగు చేసినాను, పంపించినాను. ఒట్టి ఇనుములోంచి లేసింది ఒగటన్నా చూడలే. ఇది నడిస్తే నీ పక్కన ఒగసారి కూచ్చోని, అప్పుడు పోతా. ఖలాస్."

స్టీరింగు ఎడమకు మార్చడానికి అన్నీ విప్పాం. శుక్రవారాలు చాలక శనివారాలూ వెళ్లాను. జూలై ఎండలో పానా తడిగుడ్డతో పట్టుకోవాల్సి వచ్చేది. తొందరపడి ఈ ఒక్కటి మీరే బిగించండని బతిమాలాను. "నీ కారు," అనేవారు, అంతే. స్టీరింగు ఎడమకు వచ్చాక కుడివైపు నేలలో పెడళ్ల కోసం తొలిచిన రంధ్రాలు మిగిలిపోయాయి. వాటిని మూయడానికి ఆయన ఒక రేకు కోసి, నల్ల రంగు వేసి, నాలుగు బోల్టులు బిగించారు. ఆ ఒక్కటే ఆయన బిగించింది. గీతలు తెల్ల పెయింటుతో గీశారు. "ఆ తప్పు మాత్రం ఇద్దరిదీ కదా," అన్నారు.

ఆయన విమానానికి మూడు రోజుల ముందు బండి నడిచింది. రోడ్డెక్కడానికి కాగితాల సంగతి ఇప్పటికీ తేలలేదు. ఆ రోజు గ్యారేజీ వెనక ఖాళీ స్థలంలో నాలుగు చుట్లు తిప్పాను. ఆయన ఉతికిన చొక్కా వేసుకొచ్చారు. నా పక్కన కూర్చుని, ప్రతి మలుపులోనూ కుడికాలు ఆ నల్ల రేకు మీద గట్టిగా నొక్కారు, అక్కడేదో బ్రేకు ఉన్నట్టు. "నా మీద నమ్మకం లేదా అన్నా?" అన్నాను. "నీ మీద ఉండాది. కాలికి లేదు," అన్నారు. నాలుగో చుట్టు అయ్యాక యల్లా, ఇంకొకటి తిప్పమన్నారు. తిప్పాను.

ఆయన ఊరికి వెళ్లాక ప్రతి శుక్రవారం ఫోన్. నేను బండిని ఆ ఖాళీ స్థలంలోనే తిప్పుతుండేదాన్ని. యోగక్షేమాల కంటే ముందు, "గీతలు చూసినావా?" అనేవారు. పోయిన శుక్రవారం కూడా అడిగారు. పరీక్ష పేపర్లు దిద్దుతూ, ఆ వారం షెడ్డు మొహమే చూడకుండా, "చూశానన్నా, అన్నీ బాగున్నాయి," అన్నాను. ఆయనకు నేను చెప్పిన అబద్ధం అదొక్కటే. అదే ఆఖరి మాటవుతుందని తెలియదు. సిగ్గుగా ఉంది, రాయకుండా ఉండలేకపోయాను.

ఆ మెసేజ్ విన్న రోజే అల్ రాయ్ వెళ్లాను. కారు కింద దుప్పటి పరుచుకుని పడుకుని, ముందునుంచి వెనకదాకా ఒక్కో నట్టూ చూశాను. నా పసుపు గీతలు ఆరు చీలిపోయాయి. ఆరూ బిగించి, పాతవి తుడిచి, కొత్తవి గీశాను. చివరికి కుడివైపు తలుపు తెరిచాను. నాలుగు తెల్ల గీతలూ గీసినవి గీసినట్టే ఉన్నాయి. వాటి మధ్య నల్ల రేకు మీద, ఆయన చెప్పు నొక్కినచోట రంగు రాలిపోయి, మడమంత ఇనుము తెల్లగా మెరుస్తోంది.