పిన్నిగారు చదివిన కరపత్రం

డిగ్రీ అయ్యి రెండేళ్లు ఖాళీగా ఉన్నాను. తెనాలిలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ ఉద్యోగానికి వెళితే, పరీక్షగా ఆ స్కూలు గురించి ఒక పేజీ రాయమన్నారు. రాశాను. కరస్పాండెంట్ చదివి, "రాత బాగుందమ్మా. నీకు నోరే లేదు, పిల్లలు లెక్కచెయ్యరు" అని పంపేశారు. కాగితం తిరిగివ్వలేదు.

నెల తర్వాత రేపల్లె రైల్లో ఆ స్కూలు కరపత్రాలు పంచారు. అక్షరం పొల్లుపోకుండా నా పేజీనే! పక్కనున్న మా వీధి పిన్నిగారు దాన్ని నలుగురికీ వినబడేలా చదివి, "చూడవే, ఇలా రాయడం వస్తే ఉద్యోగం ఎందుకు రాదు? ఊరికే పుస్తకాలు ముందేసుకుంటే సరా?" అన్నారు. పెట్టెలో అందరూ నవ్వారు. "అది నేనే రాశానండి" అన్న మాట నా గొంతు దాటలేదు.

ఆ కరపత్రం డైరీలో దాచుకున్నాను. రేపు బాపట్లలో ఇంటర్వ్యూ ఉంది. దాన్ని తీసుకెళ్తున్నాను. రైల్లో మింగేసిన మాట అక్కడైనా చెప్పాలి.