పేరు మార్చితే పోయిన జబ్బు

జావా దీవిలోని మా సోలో ఊరి వాడల్లో ఒంట్లో ఏ తేడా చేసినా గాలి పట్టిందంటారు. నూనె రాసి నాణెంతో వీపు గీకుతారు. వారస్ వీపు ఎప్పుడు చూసినా చారల చొక్కా తొడిగినట్టే ఉండేది. నాలుగు ముద్దలకే పొట్ట నిండిపోతోందని వాడంటుంటే వీపు గీకడమేమిటి?

వారస్ మా పక్కింటి గినెం కొడుకు. బాతిక్ గుడ్డలకు రంగులు వేస్తాడు. పెళ్ళి కాకముందు వాడికి వృషణంలో క్యాన్సర్ గడ్డ లేచింది. పెద్దాసుపత్రిలో అది తీసేసి, పొట్టకు రేడియేషన్ కరెంటు పెట్టారు. అప్పుడు వాడి పేరు చొంద్రోకుసుమో. అంత బరువు పేరు మోయలేకే జబ్బు చేసిందని గినెం పేరు మార్చే ఆచారం ప్రకారం బెల్లం జావ, తెల్ల జావ కాచి, వాడవాళ్ళనంతా పిలిచి, వారస్ అని మార్చింది. నయమైనవాడని అర్థం. ఇక ఆ జబ్బు పాత పేరువాడిది. ఊసెత్తితే వెతుక్కుంటూ వస్తుందట. ఇరవై ఏళ్ళుగా వాడలో అందరి నోళ్ళకూ తాళం.

ఓరోజు వారస్ వాళ్ళావిడ బట్టలారేస్తుంటే కూపీ లాగాను. మలం నల్లగా పోతోందట. వెంటనే వాణ్ణి దవాఖానాకు లాక్కుపోయాను. గినెం వెంటబడింది.

ఇదివరకు పెద్ద జబ్బేమైనా చేసిందా అని డాక్టరమ్మ అడిగింది. లేదంది గినెం. నలభై దాటిన మగాడు, వీడూ నేల చూస్తూ తల అడ్డంగా ఊపాడు. ఛీ, ఏం మనుషులు.

"గ్యాసు మాత్రలు రాయకమ్మా. వీడికి బీజంలో క్యాన్సరొస్తే పొట్టకు కరెంటు పెట్టారు," అన్నాను.

"నోరు ముయ్యి. అది చొంద్రోకుసుమోకి," అంది గినెం.

"వాడెవడు అక్కా, నీ రెండో మొగుడి కొడుకా?"

డాక్టరమ్మ కలం పక్కన పెట్టి పొట్ట నొక్కి చూసింది. గొట్టం వేసి చూడమని పంపింది. పొట్టలో క్యాన్సర్. పాతది తిరగబెట్టలేదట, ఇది వేరేదట. ఆనాడు ప్రాణం నిలిపిన కరెంటే, తగిలినచోట ఏళ్ళ తరవాత ఇలాంటిది పుట్టించవచ్చట. అందుకే ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా పాత సంగతి ముందు చెప్పాలట.

ఆపరేషన్ పొద్దున గినెం మళ్ళీ రెండు గిన్నెల జావతో దిగింది. ఈసారి ఇంకా తేలికైన పేరట, పైజో. నర్సు పేరడగ్గానే గినెం నోరు తెరిచింది.

"నువ్వుండమ్మా," అన్నాడు వాడు. "వారస్. పాత పేరు చొంద్రోకుసుమో. రెండు క్యాన్సర్లూ నాకే వచ్చాయి సిస్టర్."

సగం పొట్ట తీసేశారు. ఇప్పుడు గుప్పెడు గుప్పెడు తింటున్నాడు, వీపు నున్నగా ఉంది. ఆ జావ సాయంత్రానికి పులిసి కంపు కొట్టింది. కోళ్ళకు పోస్తే అవీ ముట్టలేదు.