మూత తీసిన చెయ్యి

మా వదిన చేతివాసి మంచిది కాదట. అన్నది ఎవరో కాదు, మా అమ్మే. ఆడపడుచువై ఉండి వదినని వెనకేసుకొస్తావా అని నన్నూ తిట్టింది. తిట్టనీ.

వదిన ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది. ఊడిన గుండీ నుంచి పెళ్ళిబట్టల దాకా వీధి వీధంతా ఆమె దగ్గరికే వస్తుంది. అప్పుడు ఎవరికీ చేతివాసి గుర్తురాదు. మిషను పక్కన ఓ పెట్టె, అందులో బల్బు, గిన్నెడు నీళ్ళు. ఆ పెట్టెలో కోడిగుడ్లు పొదిగిస్తుంది. పసిపిల్లల్ని చూసుకున్నట్టు రోజూ వాటిని తిప్పుతుంది, నీళ్ళు తగ్గకుండా చూస్తుంది. అయినా వరసగా రెండుసార్లు సగం గుడ్లు కూడా పిల్లలు కాలేదు. అంతే, మా అమ్మకి సందు దొరికింది.

"దాని చెయ్యి పడితే ప్రాణమున్నది నిలవదు" అంది. మా తమ్ముడి భార్యకి అప్పుడు ఎనిమిదో నెల. పుట్టబోయే బిడ్డని వదిన ముట్టుకోకూడదని ముందే చెప్పేసింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

వదిన పోట్లాడలేదు. పిల్లలు కాని గుడ్లన్నీ పళ్ళెంలో పెట్టుకుని ఒక్కొక్కటీ పగలగొట్టి చూసింది.

"చూడు, అన్నిట్లోనూ నిండుగా ఎదిగిన పిల్లలే. బయటికొచ్చే సమయానికి లోపలి పొర ఎండిపోయి ఒంటికి అతుక్కుపోయింది. ఆఖర్లో తేమ పోయింది. మూత ఎవరో తీస్తున్నారు" అంది.

ఎవరో ఏమిటి, మా అన్నయ్యే! పెట్టె తను చేశానని ఆయనకి మహా గొప్ప. వదిన బట్టలివ్వడానికి గడప దాటితే చాలు, స్నేహితుల్ని పిలుచుకొచ్చి మూత ఎత్తి, "కిచకిచలు వినండి" అని చూపించడమే పని. తీయొద్దని వదిన దండం పెట్టి మరీ చెప్పింది, వింటేనా. అమ్మ ఆ మాట అంటున్నప్పుడు పక్కనే కూర్చుని పల్లీలు ఒలుచుకుంటున్నాడు. నోట్లో నాలుక లేనట్టు.

మూడోసారి గుడ్లు పెట్టేముందు ఆ పెట్టెని మా ఇంటికి తెచ్చేశాను. వెనకగదిలో పెట్టించి, తాళంచెవి వదిన చేతికిచ్చాను. నాలుగు గుడ్లు తప్ప అన్నీ పిల్లలయ్యాయి.

"ఈసారి మంచి గుడ్లు దొరికాయి" అంది అమ్మ. అవే కోళ్ళు, అదే పెట్టె! అన్నయ్యేమో తన పెట్టె పనితనం గురించి వీధంతా చెప్పుకొచ్చాడు. సిగ్గుండాలి మనిషికి.

ఆ వారంలోనే తమ్ముడికి కూతురు పుట్టింది. చూడ్డానికి వెళితే మరదలు బిడ్డని వదిన వైపు చాచి, "ఎత్తుకో అక్కా" అంది. వదిన చేతులు వెనక్కి తీసుకుంది.

"అత్తయ్యని అడిగి ఇవ్వమ్మా" అంది మెల్లగా.

మా వెనకగది నిండా కోడిపిల్లలు తిరుగుతున్నా, అమ్మ అన్న మాట ఆమెలో అలాగే దిగబడి ఉంది. కోపంతో నాకు కళ్ళనీళ్ళొచ్చాయి.

"ఎవర్నీ అడగక్కర్లేదు" అని బిడ్డని నేనే తీసి వదిన ఒళ్ళో పెట్టాను. అమ్మ గుమ్మంలోంచి చూస్తూనే ఉంది. బిడ్డ హాయిగా నిద్రపోయింది. వదిన మాత్రం చాలాసేపు కదలడానికే భయపడింది.